సైరన్ అడిగిన ఏడాది

మా మేడ కింద సెలూన్లో కూర్చున్నవాళ్ళు సగం గడ్డంతో బయటికొచ్చి రోడ్డు మీద పోట్లాడుకోవడం మా వీధికి కొత్త కాదు. ఒక చెంపకి నురగ అలాగే ఉంటుంది, మెడకి కట్టిన గుడ్డ అలాగే ఉంటుంది, చెయ్యి మాత్రం గాల్లో ఊగుతూ ఉంటుంది. వెనకాలే సెలూన్ అతను కత్తి పట్టుకుని వస్తాడు. తెలియనివాళ్ళు చూస్తే ఎవరి పీక తెగబోతోందో అని హడలిపోవాలి. తెలిసినవాళ్ళం మాత్రం పైనుంచి తొంగిచూసి, "ఇవాళ ఏ ఏడాది మీద?" అని అడుగుతాం.

ఏ ఏడాదికి ఎవరు గొప్ప ర్యాపర్ అన్నది వాళ్ళ తగువు. ర్యాప్ అంటే ఏమిటో నాకు మొదట్లో తెలియదు. తెలియని సంగతి ఒకటి నా గుమ్మం ముందునుంచి నడిచి వెళ్తుంటే నేను ఊరుకునే మనిషిని కాను. పేపరు అడిగే వంకతో దిగాను, సెలూన్ బల్ల చివర కూర్చున్నాను, కూర్చుంటూనే ఉన్నాను. పాట కాదు, మాట కాదు, రెండింటికీ మధ్య మనిషి ఊపిరి బిగబట్టి పరిగెత్తడం. నాకర్థమైనంతవరకు అంతే. వాళ్ళు వెర్సు అంటారు, నేను చరణం అంటాను. ఇద్దరం ఒకరినొకరం దిద్దుకోం.

తొలివిడత వాళ్ళు ప్రపంచమంతా చుట్టొచ్చారు. ర్యాప్ పుట్టిన చోటునుంచి మొదలుపెట్టి ఒక్కో ఏడాదికి ఒక్కో మొనగాణ్ణి నిలబెట్టుకుంటూ వచ్చారు. అప్పుడు ఫోన్లలో పాటలు పెట్టుకునేవాళ్ళు, ఎవడి పాట ఎంతమంది విన్నారో అంకెలు చూపించుకునేవాళ్ళు. ఆ అంకెల దగ్గరే గొడవ ముదిరి బస్సు డ్రైవరు నీళ్ళు చల్లే సీసా ఎత్తి అద్దానికేసి కొట్టాడు. ఆ దెబ్బతో సెలూన్ అతను కొత్త కట్టుబాటు పెట్టాడు. ఫోన్లన్నీ తువ్వాళ్ళ సొరుగులోకి పోవాలి. పేరు ఎత్తినవాడు ఆ పేరుగలవాడి చరణం ఎనిమిది లైన్లు, తడుముకోకుండా, అక్కడికక్కడ నోటితో చెప్పాలి. మధ్యలో ఆగితే ఆ పేరు పోయినట్టే, గదిలో ఇంకెవరైనా అందుకుని పూర్తిచేస్తే తప్ప. రెండు పేర్లు నిలబడితే ఓట్లు. ఎవరి పేరు వాళ్ళు ఎత్తుకోకూడదు. ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళ పేరు ఎత్తకూడదు.

"ఎవడి నోట్లోనూ లేనివాడు ఎంత గొప్పోడైతే మనకేంటి?" అన్నాడు ఆ రోజు.

ఈ కట్టుబాటుతో రెండో విడత మొదలుపెట్టారు. ఈసారి ప్రపంచం కాదు, మా ఊరే. మా ఊళ్ళో బస్సు డిపో వెనక మైదానంలో, వంతెన కింద, కాలేజీ మెట్ల మీద మైకు పట్టుకున్నవాళ్ళు. వాళ్ళలో చాలామంది ఇప్పుడు గోదాముల్లో బరువులు మోస్తున్నారు, కొందరు పొట్టలు పెంచి ఆఫీసుల్లో కూర్చున్నారు, కొందరు లేరు. షాపుకి సెలవు రోజున షట్టరు సగం దించి కూర్చునేవాళ్ళు. వారానికో ఏడాది, ఒక్కోసారి మూడు వారాలకో ఏడాది.

సెలూన్ అతన్ని పాత స్నేహితులు సైరన్ అని పిలుస్తారు. గొంతు పెద్దది కాబట్టి అలా పిలుస్తారేమో అనుకునేదాన్ని. గొంతు పెద్దదే, అతను కింద దగ్గితే మా ఇంట్లో గిన్నెలు మోగేవి. కానీ అది అతను మైకు పట్టుకున్న రోజుల పేరట. ఒకే ఒక్క ఏడాది. ఆ తర్వాత పెళ్ళి, ఈ తిరిగే కుర్చీ, ఈ కత్తెర. షాపు వెనక సగంలో తెర కట్టి అతని భార్య కుట్టుమిషను పెట్టుకుంది. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, జిప్పులు మార్చడం, బిగుతైన జాకెట్లు వదులు చెయ్యడం ఆమె పని. తెర ఇవతల ఎవరు ఏం అన్నా ఆమె చెవిలో పడాల్సిందే, నచ్చకపోతే మిషను ఒక్కసారిగా జోరందుకుంటుంది.

మిగిలినవాళ్ళు ఇద్దరే. బస్సు డ్రైవరుకీ సైరన్‌కీ మధ్య బావా బావా అని పిలుపు, చుట్టరికం ఏమీ లేదు, ఒకరినొకరు తిట్టుకోవడానికి వీలుగా పెట్టుకున్న వరస అది. రెండోవాడు బోర్డులు రాసే పెయింటరు, వయసులో చిన్నవాడు, మెత్తని మనిషి. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు.

ఇంత చెప్పాక అసలు సంగతికొస్తాను. సైరన్ ఒప్పుకోవడం మొదలుపెట్టాడు.

అదేమంత వింతా అనుకోకండి. ఆ మనిషి నీళ్ళు తడిగా ఉన్నాయంటే కూడా ఒప్పుకోడు. అలాంటిది ఒక సెలవు రోజు డ్రైవరు ఎవరిదో పేరు ఎత్తి, చరణం చెప్పి, ఇక యుద్ధానికి సిద్ధమై మోచేతులదాకా చొక్కా మడుచుకున్నాడు. సైరన్ దువ్వెన దులిపి, "సరే బావా, వాడే. తర్వాతి ఏడాది?" అన్నాడు.

డ్రైవరు చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. "సరే అంటే?"

"సరే అంటే సరే."

"వాడు రెండో లైను ఎవరి దగ్గరో ఎత్తేశాడని నువ్వే కదా పోయిన నెల గోల చేశావు?"

"ఎత్తితే ఎత్తాడు. బాగా ఎత్తాడు. తర్వాతి ఏడాది."

ఆ రోజు రెండు ఏడాదులు తేలిపోయాయి. మరుసటి వారం మళ్ళీ రెండు. మిషను చప్పుడు కూడా తగ్గింది. నాకు మనసు నిలవలేదు. అతని గొంతు నెలల తరబడి బొంగురుగానే ఉంది, పౌడరు పీల్చీ పీల్చీ అని అతనే చెప్పాడు, అందరం నమ్మాం. మర్నాడు పొద్దున్నే పాత జాకెట్టు ఒకటి పట్టుకుని వెళ్ళి తెర వెనక కూర్చున్నాను.

"ఏమ్మా, మీ ఆయన మెత్తబడ్డాడేమిటి?" అన్నాను.

"ఇందులో ఏం కుట్టాలి పెద్దమ్మా? కుట్టు బాగానే ఉంది కదా."

"కుట్టు సంగతి కాదు నేనడిగింది."

ఆమె దారం కొరికి, సూది గుచ్చి, నా వంక చూడకుండా చెప్పింది. గొంతులో పుండు మామూలు పుండు కాదట. మందులకు లొంగే దశ దాటిపోయిందట. మాట పుట్టే చోటే మొత్తం తీసేస్తారట. ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు, మాట మాత్రం ఉండదన్నారు. మెడకి చిన్న కన్నం పెడతారు, ఊపిరి ఇక అక్కడినుంచే. తారీఖు కూడా ఇచ్చేశారు.

"వాళ్ళకి చెప్పాడా?"

"చెప్పనివ్వడు. నాచేత ఒట్టు వేయించుకున్నాడు. మీరూ ఒట్టెయ్యాలి."

"ఎందుకు దాచడం? ఇదేమైనా దొంగతనమా?"

ఆమె తెర పక్కకి తొలగించి బయటికి చూసింది. సైరన్ ఒక పిల్లవాడి తల ముందుకు వంచి వెనక జుట్టు సమం చేస్తున్నాడు. ఆమె గొంతు తగ్గించింది. "ఆయన ఏడాది ఇంకా రాలేదు పెద్దమ్మా. ఆపరేషన్‌లోపు రావాలి. వాళ్ళకి తెలిస్తే జాలిపడి ఇచ్చేస్తారు. జాలితో ఇచ్చేదైతే నాకొద్దు అంటాడు. గొంతు ఉండగానే, ఎవరో ఒకరు వాళ్ళంతట వాళ్ళే ఆయన వెర్సు చెప్పి, నీదే ఆ ఏడాది అనాలట. దానికోసమే ఈ పరుగంతా."

ఇంకో ప్రశ్న అడక్కుండా, జాకెట్టు అక్కడే వదిలేసి మేడెక్కాను. నా విషయంలో అది పెద్ద సంగతే.

పాపం, ఆ పరుగే అతనికి ఎదురు తిరిగింది. గెలిచినవాళ్ళు సంతోషించాలి కదా, వాళ్ళు సంతోషించలేదు. వాదన లేకుండా దక్కిన గెలుపు డ్రైవరుకి గొంతు దిగలేదు. మూడో వారం అతను బల్ల మీద కూర్చుంటూనే మొహం మాడ్చుకున్నాడు.

"బావా, నువ్వు మమ్మల్ని ఆడిస్తున్నావు."

"నేనేం చేశాను?"

"చిన్నపిల్లలకి ఒప్పుకున్నట్టు ఒప్పుకుంటున్నావు. మా మాటలకి విలువ లేకుండా పోయిందన్నమాట. నీ తలలో ఇంకేదో ఉంది, మమ్మల్ని తొందరగా తోలేద్దామని చూస్తున్నావు."

"లేదురా బాబూ."

"అయితే అయిపోయిన ఏడాదులన్నీ మళ్ళీ తియ్యి. సక్రమంగా వాదించు. అప్పుడు ముందుకెళ్దాం."

సైరన్ మొహం చూశాను. అంగుళం అంగుళం తవ్వుకుంటూ వచ్చిన గొయ్యి ఎవరో మళ్ళీ పూడ్చేసినట్టుంది. "తేలినవి తేలినట్టు ఉండనీ," అన్నాడు. గొంతు జీరపోయింది.

"ఉండనివ్వను. నీ కట్టుబాటే కదా, ముందు ఏడాది తేలకుండా తర్వాతది ముట్టుకోకూడదని."

ఇక అక్కడినుంచి ఆ మనిషి అవస్థ చూడలేకపోయాను. వాదించాలి, లేకపోతే డ్రైవరు కదలడు. వాదిస్తే గొంతు పోతుంది. ఇష్టంలేని పేర్ల తరఫున, గెలవకూడని వాదనలు, గెలవకుండా ఎంతసేపు పొడిగించాలో చూసుకుంటూ వాదించాడు. మధ్యమధ్య గోరువెచ్చని నీళ్ళు తాగాడు. చొక్కా వెనక తడిసిపోయింది. ఆ సెలవు రోజు ఒక్క ఏడాదే తేలింది. డ్రైవరు మాత్రం తృప్తిగా లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. "ఇదీ బావా వాదనంటే," అని భుజం తట్టి వెళ్ళాడు.

మిగిలిన ఏడాదులు ఎక్కువ, మిగిలిన సెలవు రోజులు తక్కువ. ఆ సాయంత్రం సైరన్ కుర్చీలో తానే కూర్చుని అద్దంలోకి చూసుకుంటూ ఉండిపోయాడు. షట్టరు వెయ్యలేదు, దీపం వెయ్యలేదు.

అతని భార్య ఒట్టు తీసి గట్టున పెట్టింది. పెయింటరు ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చినప్పుడు తెర వెనక్కి పిలిచి, స్టూలు మీద నిలబెట్టి, మడమ దగ్గర పిన్నులు గుచ్చుతూ మొత్తం చెప్పేసింది. నేను పక్కనే ఉన్నాను, జాకెట్టు ఇంకా అక్కడే ఉంది మరి.

పెయింటరు స్టూలు మీదే కూలబడ్డాడు. "అన్నకి గొంతు పోవడమేంటి వదినా?"

"ఏడవకు. కింద పిన్నులున్నాయి. నీకు ఆయన వెర్సు వచ్చా?"

"మొదటి రెండు లైన్లు వచ్చు. చిన్నప్పుడు విన్నాను."

"మిగతావి నేను చెప్తాను. ఇంట్లోవాళ్ళు పేరు ఎత్తకూడదన్నారు గానీ నేర్పకూడదనలేదు కదా."

రోజూ పని ముగించుకుని వచ్చేవాడు, ప్యాంటు సరిగ్గా రాలేదని వంక. ఒకే ప్యాంటు ఆరుసార్లు విప్పి కుట్టింది మహాతల్లి. ఆమె పెదవుల మధ్య పిన్నులు పెట్టుకునే చెప్పేది, మిషను తొక్కుతూ తాళం వేసేది:

*నేనరిస్తే కిటికీ పగలాలి, నిద్రపోయే వీధి కదలాలి,*
*తలుపుకి తాళం వేసినవాడి తలలో నా పేరే మెదలాలి…*

అతను అందుకునేవాడు. గోల చరణం అది, ఒళ్ళు పొగరుతో నిండినవాడు రాసుకున్నది. ఆమె నోట్లో మాత్రం ఏడుపులా వినబడేది. మిగిలిన ఏడాదులు కూడా పెయింటరే నడిపించాడు. డ్రైవరుకి సంగతి చెప్పకుండానే అతనితో చేతులు కలిపి, ఎక్కడ పట్టుబట్టాలో అక్కడ పట్టుబట్టి, ఎక్కడ వదలాలో అక్కడ వదిలి, ఆపరేషన్ ముందు రోజుకి సరిగ్గా ఆ ఏడాది దగ్గరికి తెచ్చి నిలబెట్టాడు. ఆ ఏడాది నాకూ గుర్తే, మా చిన్నమ్మాయి నడక నేర్చింది అప్పుడే.

ఆ రోజు సైరన్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. షట్టరు సగం దించాడు. ఫోన్లు సొరుగులోకి వెళ్ళాయి. అతను నోరు విప్పితే కీచుమని గాలి వస్తోంది, మాట వెతుక్కుని వెతుక్కుని దాని వెనకాల వస్తోంది. జలుబు అన్నాడు. డ్రైవరు నమ్మాడు, ఆ మనిషి కళ్ళు రోడ్డు మీద తప్ప ఇంకెక్కడా సరిగ్గా పనిచెయ్యవు.

"ఎవరెత్తుతారు?" అన్నాడు సైరన్. చేతులు రెండూ కుర్చీ వీపు మీద పెట్టుకున్నాడు.

పెయింటరు గొంతు సవరించుకునేలోపే డ్రైవరు అన్నాడు. "నేనెత్తుతా. పొగ."

మిషను ఆగిపోయింది.

పొగ అంటే ఎవరో నేనడిగాను. డ్రైవరు చెప్పాడు: ఇటుకబట్టీల వైపునుంచి వచ్చిన బక్క కుర్రాడు. డిపో మైదానంలో ఆఖరి పోటీ అతనికీ సైరన్‌కీ మధ్యే జరిగింది. గెలిచింది సైరన్. పొగ ఆ మరుసటి ఏడాదే జ్వరం వచ్చి పోయాడు. వెనకాముందూ ఎవరూ లేరు.

"బావా, నువ్వు గెలిచావు, కాదనను. కానీ ఆ రోజు నేను ముందు వరసలో ఉన్నాను. ఆ ఏడాదికి వాడే. ఏమనుకోకు," అని డ్రైవరు లేచి నిలబడ్డాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. చెప్పాడు:

*మా అమ్మ పొయ్యి ముందు కూర్చుంటే మేఘాలన్నీ మా ఇంట్లోనే,*
*వాన మాత్రం కళ్ళలోనే, వరద మాత్రం గొంతులోనే,*
*గోడ మీది మసి మీద గోరుతో నా పేరు గీశాను,*
*సున్నం వేసి చెరిపేశారు, సున్నం మీదే మళ్ళీ రాశాను…*

అక్కడ ఆగాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు. మళ్ళీ నాలుగో లైను అన్నాడు, మళ్ళీ ఆగాడు.

"అంతే. నాకు వినబడింది అంతవరకే. అక్కడికి జనం నీ పేరు అరవడం మొదలుపెట్టారు. వాడు చెప్తూనే ఉన్నాడు, పెదవులు కదులుతూనే ఉన్నాయి. మాకెవరికీ వినబడలేదు." కూర్చున్నాడు. "సరే, పోయింది నాది. కట్టుబాటు కట్టుబాటే."

అప్పుడు పెయింటరు లేచాడు. రంగు మరకల చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "నేను సైరన్ పేరు ఎత్తుతున్నా," అన్నాడు. ఎనిమిది లైన్లూ చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. కిటికీలు పగిలాయి, వీధి కదిలింది, ఎర్ర దీపం వెలిగింది, అడ్డమొచ్చిన చేతులన్నీ వెనక్కి తగ్గాయి. నా చెయ్యి నాకు తెలియకుండానే బల్ల మీద దరువు వేసింది.

సైరన్ కుర్చీ వీపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తన మాటలు ఇంకొకడి నోట్లోంచి వస్తుంటే మనిషి మొహం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. ఆకలితో ఉన్నవాడి ముందు పళ్ళెం పెట్టినట్టు ఉంది. తెర పక్కకి జరిగింది. అతని భార్య నిలబడి ఉంది, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని.

"ఇంకేం," అన్నాడు డ్రైవరు. "పొగ పోయాడు. ఉన్నది ఒక్క పేరే. బావా, ఆ ఏడాది…"

"ఆగు," అన్నాడు సైరన్.

నీళ్ళు తాగాడు. గోడవైపు తిరిగాడు. గాలి పీల్చుకున్నాడు, పిల్లనగ్రోవి పగిలినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఆ తర్వాత, ఐదో లైనునుంచి:

*నన్ను పట్టుకోవడానికి వచ్చినవాడి పిడికిట్లో ఏముంది,*
*విప్పి చూస్తే వేళ్ళ సందులో వాసన ఒకటే మిగిలింది,*
*కిందికి తొయ్యి పైకే పోతా, మూత పెట్టు సందులో వస్తా,*
*మంట ఆరిందని మీరంటే మండిందని నేనే సాక్ష్యమిస్తా.*

నాలుగు లైన్లూ ఒకే ఊపిరి. మధ్యలో ఎక్కడా గాలి తీసుకోలేదు. ఆఖరి మాట దగ్గర గొంతు కాదు, వట్టి గాలి పలికింది. తర్వాత దగ్గు అందుకుంది, ఆ దగ్గులో నెత్తురు తుంపర అద్దం మీద పడింది.

"పూర్తయింది," అన్నాడు ఊపిరి అందాక. "రెండు పేర్లూ నిలబడ్డాయి. నా ఓటు పొగకి."

డ్రైవరు ఓటూ పొగకే, పేరెత్తింది అతనే కదా. పెయింటరుది ఒక్కటి మిగిలింది. ఏడాది పోయింది.

భార్య తెర పట్టుకుని ఒక్క లాగు లాగింది, తాడుతో సహా ఊడి వచ్చింది. "నోరు మూసుకుని ఉంటే నీదే కదయ్యా. ఎవరైనా గొంతు పట్టుకుని చెప్పించారా? ఇన్ని రోజులు నా ప్రాణం తీశావు ఏడాది ఏడాది అని. రేపు పొద్దున్న గొంతు తీసేస్తుంటే, ఉన్న కాస్త గొంతూ పట్టుకెళ్ళి వాడికి పెడతావా?"

డ్రైవరు ఒకసారి ఆమెను చూశాడు, ఒకసారి అద్దం మీది ఎర్ర తుంపరను చూశాడు. "గొంతు తీసెయ్యడమేంటి?" అన్నాడు. పెయింటరు తల వంచుకున్నాడు. డ్రైవరు మెల్లగా కూర్చున్నాడు. "నా ఓటు మార్చుకుంటా బావా. నీకే. నీకే ఆ ఏడాది."

"నీ ఓటు వద్దు," అన్నాడు సైరన్.

"మరి ఏం కావాలి?"

"నీ నోరు."

సైరన్ వచ్చి డ్రైవరు పక్కన బల్ల మీద కూర్చుని, ఒక్కో మాటకీ ఆగుతూ చెప్పాడు. స్టేజీ మీద పొగ పక్కన నిలబడింది తనొక్కడేనట. జనం తన పేరు అరుస్తుంటే, ఆ కుర్రాడు ఆ అరుపుల కింద చెప్పుకుంటూ పోయింది తనకొక్కడికే వినబడిందట. వింటూనే తెలిసిపోయిందట, ఈ చప్పట్లు తప్పుడు మనిషికి పడుతున్నాయని. ఇన్నేళ్ళూ ఎవరూ ఆ పేరు ఎత్తకపోతే బాగుండనుకున్నాడు. "నా వెర్సుకి వీడున్నాడు, అదుగో ఆవిడుంది. పొగది నా ఒక్కడి నోట్లోనే ఉంది. రేపటినుంచి ఈ నోరు లేదు."

పెయింటరు సొరుగులోంచి ఫోను తీశాడు. "ఇందులో చెప్పన్నా, పట్టేస్తా."

చెప్పాడు. పెట్టి విన్నాం. గాలి, గరగర, మధ్యలో రెండు మాటలు. కాగితం మీద రాద్దామన్నాను నేను. సైరన్ తల అడ్డంగా ఊపాడు. మాటలు రాసుకోవచ్చు, వాటిని ఎలా ఊదాలో ఎలా రాస్తారు అన్నాడు. ఐదో లైనునుంచి ఆఖరుదాకా ఊపిరి తెగకూడదు. తెగితే అది పొగ కాదు, బడిపిల్లలు పాఠం అప్పజెప్పడం.

మాటలు డ్రైవరుకి తొందరగానే పట్టుబడ్డాయి. ఊపిరి పట్టుబడలేదు. స్టీరింగు ముందు కూర్చుని కూర్చుని పెరిగిన పొట్ట, ఆరో లైను మధ్యలోనే ఎగశ్వాస. సైరన్ మళ్ళీ చెప్పేవాడు, ప్రతిసారీ ఒక మాట తక్కువ వినబడేది. పెయింటరు ప్రయత్నించాడు, పరుగెత్తి పరుగెత్తి ఏడో లైనులో మాటలు మింగేశాడు. నేనూ పెదవులు కదిపి చూశాను, నా ఊపిరి ఒక్క లైనుకే దండం పెట్టింది. కోపంగా ఉన్న భార్య కూడా వచ్చి నిలబడింది, కళ్ళు తుడుచుకుంటూ ఒకసారి అంది, ఏడుపు వల్ల ఊపిరి తెగింది. వీధి దీపాలు వెలిగేవేళకి సైరన్ నోరు తెరిస్తే చప్పుడే లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి.

మర్నాడు పొద్దున్న ఆసుపత్రి వరండాలో స్ట్రెచరు పక్కన నడుస్తూ డ్రైవరు పొగ చరణం చెప్పాడు. యూనిఫారంలోనే వచ్చాడు, బండి డిపోలో వదిలేసి. నాలుగు లైన్లు బాగా వచ్చాయి. ఐదు వచ్చింది. ఆరు వచ్చింది. ఏడు దగ్గర ఆపరేషన్ గది తలుపు వచ్చింది, గాలి పీల్చాడు. సైరన్ కళ్ళు మూసుకున్నాడు. తలుపు రెక్కలు వాళ్ళ మధ్య మూసుకున్నాయి.

వారం తర్వాత మమ్మల్ని చూడనిచ్చారు. మెడ చుట్టూ కట్టు, కట్టు మధ్యలో చిన్న గొట్టం, అందులోంచి ఊపిరి ఈలలా వచ్చిపోతోంది. భార్య మంచం కోడు దగ్గర కూర్చుని దుప్పటి అంచు సరిచేస్తోంది, సరిచేసిందే సరిచేస్తోంది. నేను పండ్లు పెట్టి, డాక్టరు ఏమన్నాడు, అన్నం ఎప్పుడు పెడతారు, పక్క మంచం ఆయనకేం జబ్బు అని వరసగా అడిగాను.

డ్రైవరు డ్యూటీ దిగి వచ్చాడు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. సైరన్ చెయ్యి చాపి అతని మణికట్టు పట్టుకున్నాడు. చెప్పమన్నట్టు గడ్డం ఎత్తాడు, ఎత్తితే కట్టు లాగినట్టుంది, మొహం ముడుచుకుంది.

డ్రైవరు మొదలుపెట్టాడు. మా అమ్మ పొయ్యి ముందు కూర్చుంటే. సైరన్ వేళ్ళు తాళం వేశాయి. ఐదో లైను దగ్గర వేళ్ళు బిగుసుకున్నాయి. ఆరు. డ్రైవరు మెడ నరాలు ఉబ్బాయి. ఏడు. నోరు గాలికోసం తెరుచుకోబోతుంటే మణికట్టు మీద గోళ్ళు దిగాయి, చర్మం తెల్లబడింది. మూత పెట్టు సందులో అన్నదాకా వచ్చి డ్రైవరు ఒక్కసారిగా దగ్గి, ముందుకు వంగిపోయి, మంచం అంచు పట్టుకుని గాలి మింగాడు.

"నావల్ల కాదు బావా," అన్నాడు. "నా ఊపిరి అంతే."

సైరన్ చెయ్యి వదల్లేదు. గొట్టంలో గాలి వేగంగా వచ్చిపోతోంది. కళ్ళ చివరలనుంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి, తుడుచుకుందామంటే రెండో చేతికి సూది ఉంది. మణికట్టుని ఒకసారి కుదిపాడు.

నర్సు వచ్చి టైమైపోయిందంది. భార్య ఆమె వైపు తిరిగి, "ఒక్కసారి అమ్మా, ఇంకొక్కసారి," అంది.

డ్రైవరు నడుం నిటారు చేసుకున్నాడు. యూనిఫారం మీద బెల్టు వదులు చేశాడు. పెద్దగా గాలి పీల్చుకుని, మళ్ళీ మొదటి లైనునుంచి ఎత్తుకున్నాడు.